ఆకుల కింద దొరికిన చీమకు వరస కలపడం ఎలా?

క్లుప్తంగా: బ్రెజిల్‌లోని మనౌస్ నగరం దగ్గర వానఅడవిలో 2003లో ఒకే ఒక్క చీమ దొరికింది. అప్పటికి తెలిసిన ఏ ఉపకుటుంబంలోనూ అది ఇమడదని రూపం చూసే అర్థమైంది. 2008లో దానికి మార్షియాలిస్ హ్యూరెకా అని పేరు పెట్టారు. మిగతా చీమలకు అది ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఆ తర్వాత పదేళ్లకు పైగా నలిగింది. చీమలన్నిటికంటే ముందే వేరుపడిన శాఖ అని మొదట అన్నారు. ఇప్పుడు మట్టిలో బతికే లెప్టానిల్లా అనే గుడ్డి చీమలకు తోబుట్టువు శాఖ అంటున్నారు. చీమ అదే, వర్గీకరణ లెక్క గట్టే పద్ధతి మారింది.

ఈ చీమ ప్రస్తావన వచ్చినప్పుడల్లా "ప్రపంచంలోకెల్లా పాత చీమ", "చీమలన్నిటికీ మూలం", "అంగారకుడి చీమ" అనే మాటలు తిరుగుతుంటాయి. వీటిలో మూడోదానికి పేరులోనే కారణం ఉంది. మొదటి రెండూ మాత్రం తప్పుదారి పట్టించేవి. ఎందుకో తెలియాలంటే ఒక చీమను పట్టుకున్న దగ్గర్నుంచి వంశవృక్షంలో కూర్చోబెట్టేదాకా జరిగే పని ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి.

ఆకుల పొరలో వెతకడం

వానఅడవి నేల మీద రాలిన ఆకులు, పుల్లలు, బెరడు ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి తడిగా కుళ్లుతూ ఉంటాయి. పైనుంచి చూస్తే చెత్తకుప్పలాగే కనిపిస్తుంది కానీ, అడవిలోని చీమ జాతుల్లో చాలా పెద్ద వాటా ఈ పొరలోనే, దీని కింది మట్టిలోనే బతుకుతుంది. చాలావరకు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మధ్య ఉండే బుల్లి చీమలు. చేత్తో ఏరితే దొరకవు. చెయ్యి పెట్టగానే కదలకుండా ముడుచుకుపోయేవి కొన్ని, మట్టి రంగులో కలిసిపోయేవి ఇంకొన్ని.

అందుకే వీటిని పట్టడానికి వింక్లర్ సంచి అనే పద్ధతి వచ్చింది. ఒక చదరపు మీటరు మేర ఆకులన్నీ ఊడ్చి, జల్లెడ పట్టి, పెద్ద ముక్కలు తీసేసి, మిగిలిన పొడిని వలలాంటి సంచిలో పోసి, దాన్ని ఒక గుడ్డ గొట్టం లోపల వేలాడదీస్తారు. కింద ఆల్కహాల్ ఉన్న చిన్న గిన్నె ఉంటుంది. పొడి ఆరుతున్న కొద్దీ లోపలి పురుగులు తడి కోసం కదిలి కదిలి సంచిలోంచి జారి గిన్నెలో పడతాయి. 200 మీటర్ల గీత వెంట ఇలా 20 చోట్ల తీసి, 48 గంటలు వేలాడదీయాలన్నది 2000 నాటికి అంతర్జాతీయంగా కుదిరిన కొలత. అందరూ ఒకే కొలత వాడితేనే ఒక అడవిని ఇంకో అడవితో పోల్చగలం.

మార్షియాలిస్ మాత్రం ఈ వలలకు సులభంగా చిక్కే రకం కాదు. జర్మనీకి చెందిన మన్‌ఫ్రెడ్ వెర్హాగ్‌కు మనౌస్ దగ్గర మట్టి నమూనాల్లో కొన్నేళ్ల ముందే ఇలాంటి చీమలు రెండు దొరికాయి కానీ అవి దక్కలేదు. తర్వాత 2003 మేలో, బ్రెజిల్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపాకు మనౌస్ శివార్లలో ఉన్న ప్రాంగణంలోని అడవిలో, క్రిస్టియన్ రాబెలింగ్ అనే యువ పరిశోధకుడికి ఆకుల మధ్య ఒకే ఒక్క శ్రామిక చీమ కనబడింది. అప్పటికి శాస్త్రం చేతికి వచ్చింది ఆ ఒక్కటే. చుట్టూ ఎంత వెతికినా పుట్ట లేదు, రాణి లేదు, తోటి చీమ లేదు.

అసలు చీమేనా?

మొదటి ప్రశ్న ఇదే. అడవి నేల మీద రెక్కల్లేని కందిరీగలు, చీమ వేషం వేసే సాలీళ్లు, పెంకుపురుగులు చాలానే తిరుగుతుంటాయి కాబట్టి ఎవరైనా ముందు ఇక్కడే ఆగి చూసుకోవాలి.

చీమకు ప్రధానంగా మూడు గుర్తులు. మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి, అంటే మొదటి కణుపు పొడుగ్గా కర్రలా ఉండి, మిగతావి అక్కణ్నుంచి మడత పడతాయి. రెండోది నడుము: ఉదరానికి ముందు భాగం సన్నబడి విడిగా ఒక ముడిలా, కొన్నిట్లో రెండు ముడుల్లా కనిపిస్తుంది. మూడోది ఒంటి పక్క భాగాన, వెనక కాలి పైన ఉండే ఒక గ్రంథి. సూక్ష్మజీవులను అడ్డుకునే ద్రవం దాన్నుంచి వస్తుంది, చీమల్లో తప్ప మరే కీటకంలోనూ ఈ గ్రంథి లేదు. గండుచీమల గుంపులో చాలా జాతులు దీన్ని తర్వాత పోగొట్టుకున్నాయి, కాబట్టి గ్రంథి లేనంత మాత్రాన చీమ కాదనలేం.

దొరికిన ప్రాణి చీమేనని తేలడానికి పెద్దగా సమయం పట్టలేదు. చిక్కంతా ఆ తర్వాతే.

ఏ ఇంటి చీమ?

పేరు ఉన్న చీమ జాతులు ఇప్పుడు 14,000 దాటాయి. అన్నీ ఫార్మిసిడే అనే ఒకే కుటుంబం. దాని కింద సుమారు 16 ఉపకుటుంబాలు, వాటి కింద ప్రజాతులు, వాటి కింద జాతులు. కొత్త చీమను గుర్తించేవాళ్లు పైనుంచి కిందికి వస్తారు: ముందు ఉపకుటుంబం, తర్వాత ప్రజాతి, చివరికి జాతి. ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రశ్న ఉంటుంది, జవాబును బట్టి దారి చీలుతుంది.

మన ఇళ్లలో కనిపించే చీమలతోనే ఇది చూడొచ్చు. చక్కెర డబ్బాకు పట్టే సన్నటి ఎర్ర చీమను భూతద్దం కింద పెడితే నడుము దగ్గర రెండు ముడులు కనిపిస్తాయి, అది మిర్మిసినే ఉపకుటుంబం. గోడ వెంట ఒంటరిగా తిరిగే నల్ల గండుచీమకు ముడి ఒక్కటే, కొండి లేదు, ఉదరం చివర ఆమ్లం చిమ్మే చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది, అది ఫార్మిసినే. రెండు మూడు చూపుల్లో తేలిపోతుంది.

మనౌస్ చీమ దగ్గర ఈ ప్రశ్నల వరుస ఎక్కడికీ చేరలేదు. రెండు, మూడు మిల్లీమీటర్ల పొడవు, పాలిపోయిన లేత రంగు, కళ్లు అసలే లేవు. దవడలు పట్టకారులా సన్నగా పొడుగ్గా ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఇలాంటి దవడలు ఏ చీమలోనూ చూడలేదు. మీసాలు మొలిచే గుంటలకు చాలా చీమల్లో నుదుటి నుంచి వచ్చే చిన్న చూరులాంటి అంచు కప్పుగా ఉంటుంది. దీనికి ఆ చూరు లేదు, గుంటలు పూర్తిగా బయటికే ఉన్నాయి. నడుము ముడి ఒక్కటే, కొండి ఉంది. ఒక్కో లక్షణం విడిగా చూస్తే అక్కడో ఇక్కడో మరో చీమలో కనిపించవచ్చు, కానీ అన్నీ ఒకే ఒంటిమీద కలిసి ఉన్న చీమ అంతకుముందు లేదు.

అందుకే దీనికి కొత్త జాతి పేరుతో సరిపెట్టలేదు. కొత్త ప్రజాతి మార్షియాలిస్, దానికోసమే కొత్త ఉపకుటుంబం మార్షియాలినే. బతికున్న చీమలకు కొత్త ఉపకుటుంబం దొరకడం ఎన్నో దశాబ్దాల తర్వాత అదే మొదటిసారి. మార్షియాలిస్ అంటే లాటిన్‌లో మార్స్‌కు, అంటే అంగారకుడికి చెందినది అని అర్థం. ఇలాంటి లక్షణాల కలయిక ఎక్కడా చూడలేదు కాబట్టి ఆ మాట ఎంచుకున్నారు. హ్యూరెకా అంటే గ్రీకులో "దొరికింది". ముందు దొరికి చేజారి, మళ్లీ దొరికిన ప్రయాణాన్ని ఆ మాట పట్టుకుంది.

పేరు చెల్లాలంటే ఇంకో నియమం కూడా ఉంది. ఏ నమూనా ఆధారంగా పేరు పెట్టారో స్పష్టంగా రాసి, దాన్ని ఎవరైనా వచ్చి చూసుకునేలా భద్రపరచాలి. పేరు ఎవరిదన్న వివాదం ఎప్పుడొచ్చినా ఆ నమూనాయే సాక్ష్యం. మార్షియాలిస్ మూల నమూనా సావో పావులో విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర మ్యూజియంలో ఉంది.

ఒక కాలు, మూడు జన్యువులు

ఉన్నది ఒక్కటే చీమ. దాన్ని నలిపి డీఎన్‌ఏ తీస్తే నమూనా పోతుంది, తియ్యకపోతే చుట్టరికం తెలియదు. అందుకని ఒక కాలు నుంచి మాత్రమే డీఎన్‌ఏ తీశారు. మూడు జన్యువుల భాగాలు చదవగలిగారు: కణంలో ప్రోటీన్లు తయారయ్యే రైబోజోము ఆర్‌ఎన్‌ఏకి సంబంధించినవి రెండు, ప్రోటీన్ తయారీలో పనిచేసేది ఒకటి. రాబెలింగ్, జెరెమీ బ్రౌన్, వెర్హాగ్ కలిసి 2008లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ప్రకటించిన ఫలితం ఇది: మార్షియాలిస్ ఒకవైపు, బతికున్న మిగతా చీమలన్నీ మరోవైపు. చీమల చెట్టులో మొట్టమొదటి చీలిక దగ్గరే ఇది వేరైపోయిందన్నమాట.

అంతకు రెండేళ్ల ముందు, 2006లో, రెండు వేర్వేరు బృందాలు చీమల డీఎన్‌ఏతో పెద్ద వంశవృక్షాలు కట్టాయి. వాటిలో ఆ మొదటి కొమ్మ చోటు లెప్టానిల్లినే అనే ఉపకుటుంబానిది. ఇవి కూడా కళ్లు లేని, పాలిపోయిన, మట్టిలో బతికే బుల్లి చీమలే. ఆసియాలో, ఆఫ్రికాలో, దక్షిణ ఐరోపాలో, ఆస్ట్రేలియాలో ఉంటాయి, దక్షిణ భారతంలోనూ ఉన్నాయి. 2008లో మార్షియాలిస్ వచ్చి ఆ చోటు తీసుకుంది. 2011లో పాట్రిక్ క్యూక్ బృందం అదే సమాచారాన్ని మళ్లీ లెక్కగట్టి, నమ్మకంగా వరుసలో పెట్టలేని డీఎన్‌ఏ భాగాలను పక్కనపెడితే లెప్టానిల్లినేనే ముందు విడిపోయిందని, మార్షియాలిస్ దాని తర్వాతిదని తేల్చింది. 2019లో మారెక్ బొరోవియెక్ బృందం 11 జన్యువులతో చేసిన పనిలో మార్షియాలిస్, లెప్టానిల్లినే రెండూ కలిసి ఒకే కొమ్మ, మిగతా చీమలన్నీ ఇంకో కొమ్మ అని వచ్చింది. ఆ పత్రం రాసినవాళ్లలో రాబెలింగ్ కూడా ఉన్నారు. తను కనిపెట్టిన చీమకు తనే ఇచ్చిన స్థానాన్ని కొత్త లెక్క చూశాక మార్చుకోవడం చిన్న విషయం కాదు. 2022లో వేల జన్యువులు పోల్చిన అధ్యయనం కూడా ఈ జంటనే బలపరిచింది.

ఒకే చీమకు మూడు సమాధానాలు ఎలా వచ్చాయి?

దీన్ని అర్థం చేసుకోవడానికి తాళపత్ర ప్రతులు బాగా పనికొస్తాయి. వేమన పద్యాల ప్రతులు ఊరూరా వేర్వేరు పాఠాలతో దొరికేవి. సి.పి. బ్రౌన్ అలాంటి ప్రతులు ఎన్నో తెప్పించి పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. ఏ ప్రతి దేన్నుంచి పుట్టిందో ఎలా తెలుస్తుంది? రెండు ప్రతుల్లో ఒకే మాట సరిగ్గా ఉంటే ఏమీ తెలియదు, మూలంలోనే ఆ మాట ఉండి ఉంటుంది. రెండింటిలో ఒకే విచిత్రమైన తప్పు ఒకే చోట ఉంటే మాత్రం అవి ఒకే తల్లిప్రతి నుంచి వచ్చాయని అనుమానించాలి.

జీవుల చుట్టరికమూ ఇలాగే తేలుతుంది. పాత లక్షణం పంచుకోవడం దగ్గరితనానికి రుజువు కాదు. కొండి ఉండటం కందిరీగల కాలం నాటి లక్షణం, కొండి ఉన్న రెండు చీమలు దగ్గరివని దాన్ని బట్టి చెప్పలేం. మధ్యలో వచ్చిన మార్పును పంచుకోవడమే రుజువు.

ఇక్కడ మూడు ఇబ్బందులు వస్తాయి.

మొదటిది, ప్రతులను వరుసకు వరుస సరిపెట్టడం. ఒకదానిలో నాలుగు పాదాలు ఎగిరిపోయి, ఇంకోదానిలో రెండు కొత్తగా చేరితే ఏ పంక్తి ఏ పంక్తికి జతో చెప్పడం కష్టం. డీఎన్‌ఏను నాలుగు రకాల రసాయన అక్షరాల వరుసగా చదువుతారు. రైబోజోము జన్యువుల్లో ఇలా అక్షరాలు చేరడం, ఊడటం బాగా ఎక్కువ. తప్పు పంక్తులను జతచేస్తే తప్పు చుట్టరికమే వస్తుంది. 2011 నాటి సవరణ ముఖ్యంగా దీని గురించే.

రెండోది, లేఖకుల అలవాట్లు. ఎక్కడో ఉన్న ఇద్దరు లేఖకులు ఒకరికొకరు తెలియకుండానే అరసున్నలు వదిలేసే అలవాటు ఉన్నవాళ్లనుకోండి. వాళ్ల ప్రతులు రెండింటిలోనూ అరసున్నలు ఉండవు. పోల్చేవాళ్లు ఆ అలవాటును లెక్కలోకి తీసుకోకపోతే ఆ రెండూ అక్కాచెల్లెళ్లనుకుంటారు. డీఎన్‌ఏలోనూ నాలుగు అక్షరాల పాళ్లు అన్ని శాఖల్లో ఒకేలా ఉండవు, కొన్ని శాఖలు కాలక్రమంలో ఒక రకం అక్షరాల వైపు మొగ్గుతాయి. మామూలు లెక్కలు మాత్రం పాళ్లు అందరికీ ఒకటేనని అనుకుని మొదలవుతాయి. 2019 నాటి పని తేల్చింది ఇదే: ఈ తేడాను పట్టించుకుంటే చెట్టు ఒకలా, పట్టించుకోకపోతే ఇంకోలా వస్తోంది.

మూడోది అన్నిటికంటే తెలివిగా మోసం చేసేది. చెట్టుకు వేరు ఎటువైపో తెలియాలంటే చీమలు కాని బంధువులను, అంటే కందిరీగలను, తేనెటీగలను, పోలికకు పక్కన పెట్టాలి. ఇవి చీమల నుంచి చాలా కాలం కిందటే విడిపోయాయి కాబట్టి డీఎన్‌ఏ బాగా మారిపోయి ఉంటుంది. చీమల్లో ఏదైనా శాఖ కూడా వేగంగా మారిపోయి ఉంటే ఇద్దరిలోనూ యాదృచ్ఛికంగా ఒకే అక్షరం ఒకే చోట పడే సందర్భాలు పెరుగుతాయి, ఉన్నవి నాలుగే అక్షరాలు కదా. అప్పుడు లెక్క ఆ శాఖను వేరు వైపు లాగేస్తుంది. పొడుగు కొమ్మలు ఒకదాన్నొకటి లాగడం అనే ఈ దోషం వర్గీకరణ చేసేవాళ్లందరికీ బాగా తెలిసిందే. లెప్టానిల్లా చీమల డీఎన్‌ఏ సరిగ్గా అలా వేగంగా మారిన రకం. పోలికకు పెట్టిన కందిరీగ, తేనెటీగ జాతులను మార్చి చూస్తే ఫలితం మారడం ఇందుకే.

అదే ఏడాది వియత్నాంలో

రూపాన్ని మాత్రమే నమ్మితే ఏమవుతుందో చూపే ఉదాహరణ కూడా 2008లోనే ఉంది. వియత్నాం అడవిలో దొరికిన ఒక చిన్న గుడ్డి చీమకు ఓపామిర్మా హుంగ్‌వువోంగ్ అని పేరు పెట్టి, రూపం ఆధారంగా ఆంబ్లియోపోనినే అనే వేరే ఉపకుటుంబంలో చేర్చారు. చేసినవాళ్లు అనుభవం లేనివాళ్లేమీ కాదు. తర్వాత డీఎన్‌ఏ చదివితే అది లెప్టానిల్లినే చీమ అని తేలింది, 2016లో అక్కడికి మార్చారు.

మట్టిలో బతుకుతూ కళ్లు పోవడం, రంగు పోవడం, ఒళ్లు చిక్కిపోవడం సంబంధం లేని చాలా శాఖల్లో విడివిడిగా జరిగింది. ఒకే రకం పని చేసే చేతులకు ఒకే చోట కాయలు కాసినట్టు, ఒకే చోట బతికే ఒళ్లకు ఒకే రూపం వస్తుంది. అలాగని రూపం పనికిరాదని కాదు. మార్షియాలిస్ కొత్తదని మొదట చెప్పింది రూపమే, డీఎన్‌ఏ తర్వాత వచ్చింది. పైగా చెట్టులో ఎన్నిసార్లు చోటు మారినా మార్షియాలినే అనే ఉపకుటుంబం చెక్కుచెదరలేదు.

మగ చీమల చిక్కు ఇంకోటి. రెక్కలున్న మగ చీమలు దీపాలకు, వలలకు చిక్కుతాయి. శ్రామిక చీమలు మట్టిలో ఉంటాయి. రెండూ ఒకే పుట్టలో దొరికితే తప్ప ఏది ఏ జాతిదో చెప్పలేం. జావా నుంచి వచ్చిన మగ చీమల ఆధారంగా 1930లో ఫౌలోమిర్మా అనే ప్రజాతిని ఏర్పరిచారు. అది వేరే ప్రజాతి కాదు, లెప్టానిల్లానే అని 2021లో తేలింది. అంటే 91 ఏళ్లు ఒకే ఇంటివాళ్లు రెండు ఇంటిపేర్లతో నమోదై ఉన్నారు.

తాత కాదు, దాయాది

"మొదటి చీమ" అన్న మాటలోని పొరపాటు ఇక్కడ తేలికగా కనబడుతుంది. అందరికంటే ముందు వేరు కాపురం పెట్టిన పెద్దతాత మునిమనవడు ఇవాళ మన ముందుకొస్తే అతను మనకు దాయాది అవుతాడు, తాత కాడు. అతని వయసూ మన వయసూ ఒకటే. మార్షియాలిస్ శాఖ పది కోట్ల ఏళ్లకు పైగా విడిగా ఉంది, ఆ కాలమంతా అదీ మారుతూనే వచ్చింది. పట్టకారు దవడలు అలా మారి వచ్చినవే.

ఇది మాటల తేడా మాత్రమే కాదు, చరిత్రను తలకిందులు చేసే తేడా. చెట్టు అడుగు కొమ్మలన్నీ గుడ్డివే, మట్టిలో బతికేవే కాబట్టి మొదటి చీమ కూడా గుడ్డిదేనని అనేస్తే ఒక చిక్కు వస్తుంది. 1967లో విల్సన్, కార్పెంటర్, బ్రౌన్ వర్ణించిన స్ఫెకోమిర్మా అనే శిలాజ చీమ అమెరికాలోని న్యూజెర్సీలో, సుమారు 9 కోట్ల ఏళ్ల నాటి చెట్టు జిగురు గడ్డలో దొరికింది. దానికి పెద్ద కళ్లున్నాయి, ఒళ్లు కందిరీగను పోలి ఉంటుంది. పోయిన కళ్లు మళ్లీ మొదట్నుంచీ పుట్టడం చాలా అరుదు. కాబట్టి మొదటి చీమ కళ్లున్న నేలమీది వేటగత్తె అయి ఉండాలి, కొన్ని శాఖలు చాలా ముందే మట్టిలోకి దిగిపోయి ఉండాలి. 2008లో మార్షియాలిస్‌ను వర్ణించినవాళ్లు కూడా ఇదే వాదించారు. పైన అడవులు మారినా, కొత్త చీమలు పోటీకి వచ్చినా, ఉష్ణమండలపు మట్టి లోపల తేమ, వేడి పెద్దగా మారవు. అక్కడ దాక్కున్న పాత శాఖలు మిగిలాయి, పైన ఉండిపోయిన వాటి తోటివి పోయాయి. మనకు అడుగు కొమ్మల్లో గుడ్డి చీమలే కనిపించడానికి ఇది సరిపోయే కారణం.

ఇంకా దొరకాల్సినవి

2003 తర్వాత మనౌస్ పరిసరాల్లోనే మరికొన్ని శ్రామిక చీమలు దొరికాయి. 2010లో బ్రెజిల్ పరిశోధకులు కొండిని, విషపు సంచి నిర్మాణాన్ని వర్ణించగలిగింది వాటి వల్లే. మూల నమూనాను కోసి చూసే పరిస్థితి లేదు మరి. 2015లో బ్రెండన్ బౌడినో కొన్ని మగ చీమలను చూపి, ఇవి మార్షియాలిస్‌వి కావచ్చని ప్రతిపాదించారు. దానికి ఆధారం రూపమే. ఓపామిర్మా విషయంలో జరిగింది తెలిసినవాళ్లు డీఎన్‌ఏ జత కుదిరేదాకా ఆగుతారు. జీవించి ఉన్న పుట్ట దొరికితే ఏం తింటుందో, ఆ పట్టకారు దవడలు దేన్ని పట్టడానికో కూడా తెలుస్తుంది. మెత్తటి ఒళ్లున్న పురుగులను సందుల్లోంచి లాగడానికై ఉంటాయన్నది ఇప్పటికి దవడల ఆకారం చూసి వేసిన అంచనా.

ఆ పుట్ట ఉండాల్సిన చోటు మనౌస్ చుట్టూ ఉన్న అడవి నేలే. చెట్లు నరికి ఎండ నేరుగా నేలకు తగిలితే ఆకుల పొర కొద్ది కాలంలోనే ఆరిపోతుంది, వింక్లర్ సంచిలో ఆరినట్టే.